మందు, మోతాదు, త్రైరాశికము

కంసాలి తూనికలో గురిగింజ ఎత్తు తేడా వచ్చినచో ఆ నష్టము సొమ్ముతో పోవును. వంటలో ఉప్పు హెచ్చినచో ఆ పూట భోజనముతో పోవును. కాని మందు కొలుచుటలో తేడా వచ్చినచో దానిని భరించువాడు మంచముపై పరుండిన రోగి. కొలిచిన చేయి ఎవరిదో, ఎంత కొలిచినదో, అతడు ఎరుగడు. ఎరుగకయే చేయి చాచును, నోరు తెరచును. ఆ నమ్మకమునకు తగిన జాగ్రత్త ఎట్లు అలవడును అన్నదియే నేటి మా ప్రసంగ విషయము.

పదునారవ శతాబ్దిలో స్విట్జర్లాండు దేశమున పారసెల్సస్ అను వైద్యుడు ఒక మాట చెప్పియుండెను. లోకములో విషము కాని పదార్థము లేదనియు, ఒకదానిని మందుగను మరియొకదానిని విషముగను చేయునది మోతాదు మాత్రమే యనియు ఆతని అభిప్రాయము. నేడు నర్సింగు పాఠశాలలో చేరిన ప్రతి విద్యార్థియు మొదటి సంవత్సరముననే ఈ సత్యమును అంకెల రూపమున ఎదుర్కొనవలసి వచ్చును. డాక్టరు కేస్ షీటుపై మోతాదు వ్రాయును. ఫార్మసీనుండి మందు ఏదో ఒక గాఢతతో సీసాలో వచ్చును. వ్రాసిన మాటకును వచ్చిన సీసాకును నడుమ ఒక లెక్క ఉన్నది. ఆ లెక్క చేయవలసినది బహుళముగా నర్సు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. మన తెలుగు రాష్ట్రములలో నర్సింగు చదువునకు వచ్చు పిల్లలలో పెక్కుమంది పదవ తరగతితో గణితమునకు నమస్కారము పెట్టి జీవశాస్త్రము వైపు వచ్చినవారు. "లెక్కలు రాకనే గదా, మేడమ్, ఇటు వచ్చితిమి" అని మా తరగతిలో ప్రతి సంవత్సరము ఎవరో ఒకరు అనకమానరు. వారి భయమును మేము పరిహసింపము. ఒకప్పుడు మేమును ఆ బల్లలమీదనే ఆ భయముతోనే కూర్చుంటిమి. అయితే ఈ భయము సగము పేరును బట్టి వచ్చినది. మోతాదు లెక్కలలో బీజగణితము లేదు, రేఖాగణితము లేదు. ఉన్నదంతయు మన తాతలు వీధిబడిలో నేర్చిన త్రైరాశికము.

క్రీ. శ. 499 ప్రాంతమున ఆర్యభటుడు త్రైరాశిక సూత్రమును చెప్పెను. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనిగించినందున ఆ గణితము తెలుగువారి కావ్యభాషలోనికి ఏనాడో వచ్చినది. అందలి మూడు రాశులకు ప్రమాణము, ఫలము, ఇచ్ఛ అని పేర్లు. ఫలమును ఇచ్ఛచేత హెచ్చవేసి ప్రమాణముచేత భాగించినచో కోరిన జవాబు వచ్చును. నేటి నర్సింగు పాఠ్యగ్రంథములు చెప్పు సూత్రమును చూడుడు: కావలసిన మోతాదును చేతనున్న మోతాదుచే భాగించి, అది కలిసియున్న ద్రవముచే హెచ్చవేయవలెను. కావలసినది ఇచ్ఛ. చేతనున్నది ప్రమాణము. ద్రవము ఫలము. పేర్లు మారినవి కాని లెక్క మారలేదు.

ఉదాహరణమునకు జెంటామైసిన్ అను సూదిమందును తీసికొందము. 2 మిల్లీలీటర్లలో 80 మిల్లీగ్రాములు ఉన్న వయల్ వచ్చినది. డాక్టరు 60 మిల్లీగ్రాములు ఇమ్మనెను. ప్రమాణము 80, ఫలము 2, ఇచ్ఛ 60. రెండును అరువదియు హెచ్చవేయగా 120. దానిని ఎనుబదిచే భాగింపగా 1.5. సిరంజిలోనికి ఒకటిన్నర మిల్లీలీటరు తీయవలెను. ఇంతకంటె కఠినమైన గణితము ఈ విద్యలో అరుదు. ఐనను పొరపాట్లు జరుగుచున్నవి. ఏల? హెచ్చవేత రాక కాదు. హెచ్చవేతకు ముందు చూడవలసినవి చూడకపోవుట చేత.

వానిలో మొదటిది కొలమానము. ఒక గ్రామునకు వేయి మిల్లీగ్రాములు. ఒక మిల్లీగ్రామునకు వేయి మైక్రోగ్రాములు. ఒక్కొక్క మెట్టు వేయింతలు. మెట్టు తప్పినచో తప్పు కొంచెముగా ఉండదు, వేయింతలగును. పూర్వము మన ఆసుపత్రులలో గ్రెయిను, మినిము, డ్రాము, ఔన్సు అను ఆంగ్ల మానములు వాడుకలో నుండెను. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చినది. 1957 ఏప్రిల్ 1న పదునారణాల రూపాయి నూరు నయాపైసల రూపాయి అయినది. క్రమముగా మందులును దశాంశ మానమునకు వచ్చినవి. పాత మానపు జాడ నేటికిని అక్కడక్కడ కలదు. అట్రోపిన్ ఆంప్యూలులో అరయో ఒకటియో కాక 0.6 మిల్లీగ్రాము ఉండుట విద్యార్థులకు వింతగా తోచును. గ్రెయినులో నూరవవంతు ఇంచుమించుగా అంతయే యగును.

రెండవది దశాంశ బిందువు. ఇది ఆవగింజలో సగము లేదు, కాని దీని స్థానము ఒక్క గడి జరిగినచో మోతాదు పదింతలగును, లేదా పదవవంతగును. అందుచేత ప్రపంచమంతటను రెండు నియమములు బోధింపబడుచున్నవి. ఒకటికి తక్కువైన సంఖ్యకు ముందు సున్న వ్రాయవలెను. అర మిల్లీగ్రామును 0.5 అని వ్రాయవలెనే కాని బిందువును ఒంటరిగా విడువరాదు. ఆ బిందువు కాగితపు మడతలోనో సిరా మరకలోనో కనబడకున్నచో అర కాస్త అయిదగును. రెండవ నియమము దీనికి తలక్రిందు. పూర్ణసంఖ్య వెనుక బిందువును సున్నను వ్రాయరాదు. 5.0 అని వ్రాసిన అక్షరలక్షణప్రియుని అయిదు, తొందరలో నున్న నర్సు కంటికి యేబదిగా కనబడును. అట్లే మైక్రో అను మాటకు గ్రీకు అక్షరము వ్రాయక పూర్తిగా వ్రాయుట మేలు. చేవ్రాతలో అది మిల్లీ అక్షరముతో కలిసిపోవును. యూనిట్ అను మాటను ఆంగ్లములో ఒక్క అక్షరముగా కుదించినచో అది సున్నవలె కనబడును. నాలుగు యూనిట్లు నలువది యగును.

ఈ బిందువు విషయమున మాకు జరిగిన ఒక సంగతిని దాచక చెప్పుదుము. ఇది చాల యేండ్ల క్రిందటి మాట. మేము మొదటి సంవత్సరపు విద్యార్థినులమై పిల్లల వార్డులో ఉంటిమి. పుట్టుకతో గుండెజబ్బు గల ఎనిమిది కిలోల పసివానికి డిగాక్సిన్ అను మందు వ్రాయబడినది. పూటకు 40 మైక్రోగ్రాములు. సీసాపై ఒక మిల్లీలీటరునకు 0.05 మిల్లీగ్రాము అని ఉన్నది. మాలో ఒకతె కాగితము తీసికొని లెక్క చేసెను. మైక్రోగ్రాములను మిల్లీగ్రాములు చేయుటలో 0.04 అని వ్రాయవలసినచోట 0.4 అని వ్రాసెను. దానిని 0.05 చే భాగించెను. జవాబు ఎనిమిది మిల్లీలీటర్లు. తక్కిన ముగ్గురము ఆ కాగితమును చూచితిమి. భాగాహారము సరిగానే యుండెను. సరియే యని తల లూపితిమి. కొలగ్లాసులో మందు పోయబడినది.

వార్డు సిస్టరు అటు వచ్చుచు ఆ గ్లాసును చూచి ఆగెను.

"ఇదేమిటమ్మా? ఎవరికి?"

"మూడవ మంచము బాబుకు, సిస్టర్. డిగాక్సిన్."

"వాడికి ఇంకా అన్నప్రాశనమైనా బాగా ఒంటబట్టలేదు. వాడికి గుండె మందు ఒకటిన్నర చెంచాడా? పాలనుకున్నారా?"

"నలుగురము చూచితిమి, సిస్టర్."

"నలుగురూ చూచినది ఒక్క లెక్కనే గదా. నలుగురూ నాలుగు లెక్కలు చేసితిరా?"

మేము మాటాడలేదు. ఆమె మాచేత నాలుగు వేరు వేరు కాగితములు తెప్పించి, ఒకరికొకరము కనబడకుండ నాలుగు మూలల కూర్చుండబెట్టి, తిరిగి చేయించెను. నలుగురకును 0.8 మిల్లీలీటరు అనియే వచ్చినది. పోసినది దానికి పదింతలు. డిగాక్సిన్ మోతాదు మించినచో గుండె లయ తప్పును. మందగించి నిలిచిపోవుటయు కలదు. ఆ పసివాని తల్లి మంచము ప్రక్కన కూర్చుండి, మేమేమో చదువుకొనుచున్నామని మా వంక చూచి నవ్వుచుండెను. ఆ నవ్వును మేము నేటికిని మరువలేదు.

ఆనాడు సిస్టరు మమ్ములను గద్దింపలేదు. ఆ రెండు ప్రశ్నలే వేసెను. మా తరగతిలో మేము బోధించు పాఠమంతయు ఆ రెండు ప్రశ్నల వివరణమే. మొదటిది, జవాబు వచ్చిన పిదప కాదు, రాకముందే అంచనా వేసికొనుట. సీసాలో ఒక మిల్లీలీటరునకు 50 మైక్రోగ్రాములున్నవి; కావలసినవి 40; కనుక జవాబు ఒక మిల్లీలీటరునకు తక్కువగా నుండవలెను. ఈ మాత్రము ఆలోచనకు కాగితము అక్కరలేదు. ఎనిమిది అని వచ్చినప్పుడే ఎక్కడనో తప్పు జరిగినదని తెలిసిపోవును. అట్లే ఒక రోగికి ఒక మోతాదుగా పది మాత్రలో, అయిదారు ఆంప్యూళ్లో కావలసివచ్చినచో ఆగి, మరల చూడవలెను. కొన్ని సందర్భములలో అది సరియే కావచ్చును. కాని ఆగక ముందుకు పోరాదు. రెండవది, సరిచూచుట అనగా మరియొకరి కాగితముపై తల ఊపుట కాదు. రెండవవారు మొదటివారి జవాబు చూడకుండ మొదటినుండి తామే చేయవలెను. ఒక తప్పును చూచి మన కన్ను దానినే ఒప్పుగా చదువుట మానవ స్వభావము.

ఇక సీసా సంగతి. ఒకే మందు పలు గాఢతలలో వచ్చుట వలన కలుగు చిక్కు ఆసుపత్రిలోనే కాదు, మన యిండ్లలోను కలదు. పిల్లల జ్వరమునకు వాడు పారాసిటమాల్ దీనికి తార్కాణము. పన్నెండు కిలోల బిడ్డకు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున డాక్టరు నిర్ణయించెననుకొందము. మోతాదు 180 మిల్లీగ్రాములు. అయిదు మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్న సిరపు అయినచో 7.2 మిల్లీలీటర్లు. అయిదింటిలో 250 ఉన్నదైనచో 3.6. చుక్కల మందుగా వచ్చు సీసాలో మిల్లీలీటరునకు 100 ఉన్నచో 1.8 మాత్రమే. మూడు సీసాలమీదను పేరు ఒక్కటే. సిరపు అలవాటైన తల్లి ఇంట నున్న చుక్కల మందును అదే కొలతతో పోసినచో ఏమగునో శ్రోతలే ఊహింపగలరు. వంటింటి చెంచాలు కూడ అన్నియు ఒక్క కొలతవి కావు. సీసాతో వచ్చిన మూతనో సిరంజినో వాడుడు. మేము చెప్పిన అంకెలు లెక్కకు ఉదాహరణములు మాత్రమే. మీ బిడ్డకు మోతాదు నిర్ణయింపవలసినది డాక్టరు.

కొన్ని మందుల గాఢత మిల్లీగ్రాములలో కాక శాతముగనో నిష్పత్తిగనో వ్రాయబడును. విద్యార్థులు ఇచ్చట తడబడుదురు. ఒకటికి వేయి అని వ్రాసియున్న అడ్రినలిన్ అనగా వేయి మిల్లీలీటర్లలో ఒక గ్రాము. గ్రామునకు వేయి మిల్లీగ్రాములు గనుక ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము. ఒకటికి పదివేలు అనునది దానికి పదవవంతు బలము గలది. అంకె పెద్దదైన కొలది మందు పలుచన యగునని ఒక్కసారి మనసున నాటినచో పొరపాటు రాదు.

శాతమునకు మెగ్నీషియం సల్ఫేట్ మంచి పాఠము. కాన్పు సమయమున రక్తపోటు పెరిగి మూర్ఛలు వచ్చు తల్లులకు ఇది ప్రాణదాత. ఆంప్యూలుపై 50 శాతము అని యుండును. శాతము అనగా నూరు మిల్లీలీటర్లలో అన్ని గ్రాములు. అనగా నూటికి 50 గ్రాములు, రెండింటికి ఒక గ్రాము. రెండు మిల్లీలీటర్ల ఆంప్యూలు ఒక్కటి ఒక గ్రామునకు సమానము. వాడుకలోనున్న ఒక పద్ధతిలో మొదట నాలుగు గ్రాములను 20 శాతము ద్రావణముగా చేసి నరములోనికి మెల్లగా ఎక్కింతురు. నాలుగు ఆంప్యూళ్లు ఎనిమిది మిల్లీలీటర్లు. దానికి పన్నెండు మిల్లీలీటర్ల సెలైను కలుపగా మొత్తము ఇరువది. ఇరువదిలో నాలుగు గ్రాములనగా నూటికి ఇరువది, సరిపోయినది. తరువాత ఒక్కొక్క పిరుదున అయిదేసి గ్రాములు, పలుచన చేయని మందు, పది మిల్లీలీటర్ల చొప్పున. రాత్రివేళ మూర్ఛలతో ఒక స్త్రీ వచ్చినప్పుడు, బంధువులు కేకలు వేయుచుండగా, ఈ లెక్క అప్పుడు నేర్చుకొన వీలులేదు. అప్పటికి అది వ్రేళ్లకు వచ్చియుండవలెను. మందు హెచ్చినచో ఊపిరి కుంటుపడును. తగ్గినచో మూర్ఛ ఆగదు. ఇరువైపుల ఇద్దరి ప్రాణములు.

సెలైను ఎక్కించుటలో లెక్కకు కాలము కూడ చేరును. డ్రిప్ సెట్టు పొట్లముపై మిల్లీలీటరునకు ఎన్ని చుక్కలో వ్రాసియుండును. సాధారణపు సెట్లు కొన్ని 20, కొన్ని 15. పిల్లలకు వాడు సూక్ష్మపు సెట్టు 60. నాలుగు గంటలలో 500 మిల్లీలీటర్లు పోవలెననుకొందము. అయిదువందలను ఇరువదిచే హెచ్చవేయగా పదివేల చుక్కలు. నాలుగు గంటలనగా 240 నిమిషములు. భాగింపగా నిమిషమునకు సుమారు 42 చుక్కలు. సెకనుల ముల్లు గల గడియారము ఎదుట పెట్టుకొని పదునైదు సెకనులలో పది పదునొకండు చుక్కలు పడునట్లు చక్రమును త్రిప్పవలెను. సూక్ష్మపు సెట్టులో ఒక సౌలభ్యము కలదు. గంటకు అరువది నిమిషములు, మిల్లీలీటరునకు అరువది చుక్కలు. రెండు అరువదులు కొట్టివేసికొనును. కనుక గంటకు 50 మిల్లీలీటర్లు పోవలెనన్నచో నిమిషమునకు 50 చుక్కలే. పొట్లము చింపి పారవేయుటకు ముందు దానిపై అంకె చదువుట మరువరాదు.

మధుమేహము గల శ్రోతలకు ఉపయోగపడు విషయమొకటి. ఇన్సులిన్ బరువుతో కాక యూనిట్లతో కొలుతురు. మన దేశములో అమ్మకమునకు వచ్చు సీసాలలో మిల్లీలీటరునకు 40 యూనిట్లు గలవియు ఉన్నవి, 100 యూనిట్లు గలవియు ఉన్నవి. వానికి తగిన సిరంజులు వేరు వేరు. నలువదింటి సిరంజికి ఎర్రమూత, నూటిదానికి నారింజరంగు మూత ఉండుట వాడుక. నూటి ఇన్సులిన్‌ను నలువదింటి సిరంజిలో ఇరువది గీతవరకు తీసినచో అర మిల్లీలీటరు వచ్చును. అందులో ఉండునవి ఇరువది కాదు, యేబది యూనిట్లు. రక్తములో చక్కెర ఒక్కసారిగా పడిపోయి రోగి స్పృహ తప్పవచ్చును. తారుమారైనచో, అనగా నలువదింటి ఇన్సులిన్‌ను నూటి సిరంజిలో ఇరువది గీతవరకు తీసినచో, చేరునవి ఎనిమిదే. సీసాపై అంకెయు సిరంజిపై అంకెయు ఒక్కటియేనా యని చూచుట చదువు రానివారికి కూడ సాధ్యమైన పని.

మోతాదులో ఎంత అన్నదెంత ముఖ్యమో ఎప్పుడు అన్నది అంతే ముఖ్యము. దీనికి తెలుగువారు మరువరాని సాక్ష్యము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలో చేయించిన కృషి ఫలితముగా ఫోలిక్ ఆమ్లమునకు ప్రతికూలముగా పనిచేయు మందులు పుట్టినవి. 1948లో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు వానిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో పసిపిల్లల రక్తపు కేన్సరు కొంతకాలము తగ్గుముఖము పట్టినదని ప్రకటించెను. ఆ కుటుంబమునకే చెందిన మెథోట్రెక్సేట్ నేడు కీళ్లవాతమునకును విరివిగా వాడబడుచున్నది. అయితే కీళ్లవాతమునకు అది వారమునకు ఒక్కమారే. వారమునకు 15 మిల్లీగ్రాములు వ్రాసినచో, 2.5 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు. ఈ లెక్క సరిగా చేసి, వారము అను మాట విడిచి, ప్రతిదినము మ్రింగిన రోగులు పలుదేశములలో మరణించినారు. నోటిలో పుండ్లు పడి, ఎముకలోని మూలుగ రక్తకణములను తయారుచేయుట మానును. ఒక తెలుగువాని మేధవలన లోకమునకు దక్కిన మందు ఒక్క మాట జారుటవలన విషమగుట ఎంత విచారకరము! అందుచేత పొట్లముపై దినము పేరు, మంగళవారమో శుక్రవారమో, వ్రాయుట అలవాటు చేసికొనవలెను.

ఇది మన ప్రాంతపు చిక్కు మాత్రమే కాదు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల వాడుకలో జరుగు తీవ్రమైన, నివారింపదగిన హానిని అయిదేండ్లలో సగమునకు తగ్గించవలెనని అన్ని దేశములకు పిలుపునిచ్చినది. మన ఆడపిల్లలు, మగపిల్లలును, నర్సులుగా విదేశములకు వెళ్లుచున్నారు. బ్రిటనులో నమోదు కావలెనన్నచో వ్రాయవలసిన పరీక్షలో ఈ లెక్కలకు ప్రత్యేకముగా ఒక భాగమే కలదు. కాని పరీక్ష కొరకు నేర్చుట వేరు, మంచము ప్రక్కన నిలుచుటకు నేర్చుట వేరు. పరీక్షలో పదింటికి తొమ్మిది వచ్చినచో సంతోషింతుము. వార్డులో ఆ పదవది ఒక మనిషి.

ఇప్పుడు యంత్రములున్నవి గదా యని అడుగువారు కలరు. జేబులో లెక్కించు ఫోను ఉన్నది. మందును కొలతగా ఎక్కించు పంపు ఉన్నది. నిజమే, వానిని మేము వలదనము. అయితే యంత్రము మనము నొక్కిన అంకెను మాత్రమే ఎరుగును. 0.4 అని నొక్కినచో 0.4 నే భాగించును. మూడవ మంచము బాబు వయస్సెంతయో అది అడుగదు. అడుగవలసినది మనమే.

కనుక ఈ విద్యలో ప్రవేశించిన చిన్నవారికి మా అనుభవము నుండి నాలుగు మాటలు. దినమునకు అయిదు లెక్కలు చాలును, కాని మానక చేయుడు. వారమునకొకమారు ముప్పదియైదు చేయుట కంటె అది మేలు. ఖాళీ వయళ్లు, మంచినీరు, సిరంజి తీసికొని జవాబును కాగితముపై విడువక చేతితో కొలిచి చూడుడు, 0.8 ఎంతయో, ఎనిమిది ఎంతయో కంటికి తెలియవలెను. ప్రతి అంకె ప్రక్కన దాని మానమును వ్రాయుడు; మానము లేని అంకె పేరులేని సీసా వంటిది. సూత్రమును కంఠస్థము చేసినచో మరచిపోవచ్చును. త్రైరాశికమును అర్థము చేసికొన్నచో సూత్రమును ఎప్పుడైనను మరల కట్టుకొనవచ్చును.

చివరిది అన్నింటికంటె కష్టమైనది. సందేహము కలిగినప్పుడు అడుగుట. మన వార్డులలో చిన్నవారు పెద్దవారిని ప్రశ్నించుట తప్పని ఒక భావము పాతుకొనియున్నది. డాక్టరుగారి చేవ్రాత అర్థము కాలేదనుటకు సిగ్గు. సిస్టరు కసరుకొనునని భయము. చెప్పవలసిన పద్ధతిలో చెప్పినచో తప్పులేదు. "సార్, మీరు వ్రాసినది అయిదా, అరయా? ఒకమారు చూడండి" అన్నచో ఏ మంచి వైద్యుడును కోపింపడు. కోపించినను, ఆ కోపము ఒక నిమిషములో చల్లారును. పెద్దవారికి కూడ మా మనవి యొకటి. అడిగిన పిల్లను చులకన చేసినచో ఆమె మరునాడు అడుగదు. మరునాడే అడుగవలసిన అవసరము రావచ్చును.

ఆ వార్డు సిస్టరు చాలకాలము క్రిందటనే పదవీ విరమణ చేసినది. మా తరగతిలో ఇప్పటికిని మొదటి దినమున ఒక కొలగ్లాసులో ఎనిమిది మిల్లీలీటర్ల రంగునీరు పోసి, ఒక సిరంజిలో 0.8 మిల్లీలీటరు తీసి, రెండింటిని బల్లపై ప్రక్కప్రక్కన పెట్టుదుము. ఎనిమిది కిలోల బిడ్డకు గుండె మందు ఏది ఈయవలెనని అడుగుదుము. లెక్క ఇంకను చెప్పలేదని పిల్లలు తెల్లబోవుదురు. ఎవరో ఒక పిల్ల లేచి, భయపడుచునే, సిరంజివైపు వ్రేలు చూపును. ఏలయని అడిగినచో, "అంత చిన్నబిడ్డకు అంత మందు ఎట్లు ఇత్తుము, మేడమ్?" అనును. అప్పుడు సుద్దముక్క తీసికొని పాఠము ప్రారంభింతుము.